పుట్టమన్ను పొర

పుట్టలు పెరుగుతాయి గాని తరగవు. ఏళ్ళ తరబడి చెదపుట్టల్ని కొలుస్తున్న సువర్చలకి ఆ మాత్రం తెలుసు. అందుకే ఆ ఉదయం డ్రోను పంపిన కొత్త బొమ్మను పాత బొమ్మ మీద పరిచి చూసి, నాగలబీడులోని పెద్దపుట్ట ఒక పక్కన తరిగిపోయి కనిపిస్తే, ముందు కంప్యూటర్ని తిట్టుకుంది. బొమ్మలు సరిగ్గా కూర్చోలేదేమోనని అటూ ఇటూ జరిపింది. అవి సరిగ్గానే కూర్చున్నాయి.

బొమ్మను పెద్దది చేసింది. పుట్ట చుట్టూ ఆడవాళ్ళు, వాళ్ళ చేతుల్లో బుట్టలు, పక్కన ఒకాయన మెడలో డప్పు. పుట్టకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, గడ్డపారతో మన్ను తవ్వుకుంటున్నారు. గుడారాల్లో ఎవరిదో పెళ్ళి! ఊరు కుంగిపోయినంత మాత్రాన ముహూర్తం ఆగుతుందా? పుట్టమన్ను తెచ్చి అందులో నవధాన్యాలు చల్లితే గాని పెళ్ళిపని మొదలుకాదు. సువర్చలకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే గుండె జారిపోయింది.

ఎందుకు జారిందో చెప్పాలంటే ఆమె పని సంగతి చెప్పాలి. మనందరికీ నేల ఒకటే. ఆమెకు మాత్రం నేలంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలు. రాతి జాతుల పొర, పగుళ్ళ పొర, ఉపగ్రహం చూసిన రంగుల పొర, అయస్కాంతపు కొలతల పొర. ఒక్కో పొర తనకు తెలిసిన సాక్ష్యం చెబుతుంది. సాక్ష్యాలన్నీ ఒకచోట కలిస్తే తెరమీద పటం అక్కడ ఎర్రబడుతుంది. అక్కడ బంగారపు రాయి ఉండొచ్చని దాని అర్థం. "ఉండొచ్చు" అన్న మాట కంపెనీలకు గిట్టదు. "ఉంది" అని చెప్పాలంటే ఊరూరా బోర్లు వెయ్యాలి, అందుకు ఒక తరం పడుతుంది.

ఆ తరం పనిని మూడు వానాకాలాలకు కుదించినవాడు ఆమె మొగుడు తిప్పేస్వామి. చెదలు నీటికోసం లోతుకు దిగుతాయి, దిగినచోటి మన్నును నోట కరుచుకొచ్చి పైన పుట్ట కడతాయి. పుట్టమన్నును పరీక్షిస్తే కిందేముందో కొంత తెలుస్తుందన్నది పాత సంగతే. తిప్పేస్వామి చేసిందల్లా ఆ చెదలకు ఇంకా పెద్ద దాహం పెట్టడం. అతని ప్రయోగశాలలో పుట్టిన చెదలు రాతి పగుళ్ళు పట్టుకుని బోరుబావులంత లోతుకు దిగి, అక్కడి రాతిపొడిని పైకి మోసుకొచ్చాయి. ప్రతి పుట్టా ఒక బోరైంది. ప్రతి బోరూ సువర్చల పటంలో ఒక చుక్కైంది. మొగుడూ పెళ్ళాలు కలిసి ఒకే పటం గీస్తుంటే కంపెనీ వాళ్ళకు భోజనాలు పెట్టి దండలు వేసింది.

ఆ తర్వాత ముద్దలగుట్టలో బోర్లు ఎండిపోయాయి. చెదలు తవ్విన దారుల వెంట నీళ్ళు ఎటో జారిపోయాయి. గోడలు పగిలాయి. ఒక ఇంట్లో కొట్టంలో కట్టేసిన ఆవు కట్టేసినట్టే నేలలోకి దిగిపోయింది. మందులు పోశారు, పొగ పెట్టారు, ఏవీ అంత లోతుకు చేరలేదు. "దాహం పెట్టడం తెలిసె గానీ తీర్చడం తెలీకపాయె నాకు," అన్నాడు తిప్పేస్వామి. ముద్దలగుట్ట అతని సొంతూరు. చెల్లెలు ఈరక్క కాపురమూ అక్కడే.

ఊరిని ఎక్కడికి తరలించాలో చెప్పమని సువర్చలనే అడిగారు. ఆమె కొత్త పొర ఒకటి గీసింది. పైకి ఎంత మన్ను వచ్చిందో కింద అంత బోలు, కనుక పుట్టల కొలతే బోలు కొలత. బోలు ఉన్నచోట నలుపు, గట్టి నేలకు తెలుపు. ఊరంతా నల్లగా వచ్చింది. ఊరి పక్కనున్న నాగలబీడు మాత్రం తెల్లగా వచ్చింది, అక్కడి పుట్టలు చిన్నవి. ఊరు మొత్తం మూటాముల్లె సర్దుకుని ఆ తెలుపు మీదికి చేరింది. కంపెనీ గుడారాలు వేసింది. తిప్పేస్వామి కూడా ఇల్లు వదిలి ఒక గుడారంలో చేరాడు. "వాళ్ళు తాగే నీళ్ళు పోగొట్టినోణ్ణి, కుళాయి కింద స్నానం చేస్తా కూచోలేను," అన్నాడు.

ఇప్పుడు తెరమీద ఆ ఆడవాళ్ళు బుట్టలు నింపుకుంటుంటే సువర్చలకి తెలిసింది. నాగలబీడు పుట్టలు చిన్నవి కావు. వాటిని మనుషులు ఎదగనివ్వలేదు, అంతే. చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నిటికీ మన్ను అక్కడిదే. నాగులచవితికి పాలు పోసి చెవులకు పెట్టుకునే మన్నూ అక్కడిదే. వీళ్ళు తీసిన కొద్దీ చెదలు కిందనుంచి ఇంకా తెచ్చి పూడ్చాయి. మిగతా చోట్ల తవ్వినదానికంటే అక్కడ ఎన్నో రెట్లు తవ్వాయి. ఆ మన్నంతా పందిళ్ళ కిందికీ పొలాల్లోకీ పోయింది గనుక పటానికి కనిపించలేదు.

నిజానికి కొలతగొట్టం పుట్టలోకి దించి ఉంటే బోలు అప్పుడే బయటపడేది. మిగతా పుట్టలన్నిటికీ దించారు. నాగలబీడులో మాత్రం ఆమె జట్టువాళ్ళు చెప్పులు విప్పి, దండం పెట్టి, పైపైన కొలిచి వచ్చేశారు. "చెయ్యి రాలేదు మేడం," అన్నారు. "పోనీలెండి," అంది సువర్చల. ఆ రోజు ఆమె కూడా చెప్పులు విప్పింది. ఇంజినీరింగు చదివిన వాళ్ళు, ఉపగ్రహాలతో మాట్లాడే వాళ్ళు, ఒక్కరికీ ఆ దేవుడి ఒంట్లో గొట్టం గుచ్చే ధైర్యం లేకపోయింది.

తిప్పేస్వామికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఈరక్కకు చేసింది.

"వొదినా! అన్న బోరుబండి కాడుండాడు. పెండ్లికైనా నీళ్ళుండాలని బండి పిలిపిచ్చినాడు. ఇప్పుడే టెంకాయ కొట్టినారు."

"ఈరక్కా, బోరు వెయ్యొద్దని చెప్పు! పరుగెత్తి ఆపు!"

"ఏం వినపళ్ళా వొదినా, కంప్రెసరు ఏసినారు..."

మాట తెగిపోయింది. సువర్చల జీపు తాళాలు అందుకుంటూనే డైరెక్టరు భానుమూర్తికి చేసింది.

"అది గట్టి నేలని చెప్పింది మీరే కదా మేడం," అన్నాడాయన. "ఇప్పుడు కాదంటే పైవాళ్ళకు నేనేం ముఖం చూపించను?"

"మీ ముఖం సంగతి తర్వాత చూద్దాం. జనాన్ని అక్కణ్ణించి తరలించాలి."

"కంగారు పెట్టకండి. జేసీబీలు పంపిస్తాను."

"బరువైన బండ్లేవీ వద్దు సార్, వినండి..."

ఆయన అప్పటికే పెట్టేశాడు. ఆయనకు వినడం కంటే పంపించడం సులువు.

గుంతల రోడ్డు మీద జీపును ఎట్లా తోలిందో ఆమెకే తెలియదు. నోటికొచ్చిన దేవుణ్ణల్లా మొక్కింది. ఇంత చదివి, ఇన్ని పొరలు పరిచి, చివరికి బోరు దిగకుండా చూడు స్వామీ అని మొక్కుకునే గతి పట్టింది. బోరు లోతుకు వెళ్ళకూడదు. కంప్రెసరు గాలి ఆ దారుల్లోకి దూరితే కింద మిగిలిన సన్నని గోడలన్నీ ఒక్కసారి కూలుతాయి.

బీడుకు దూరంగానే జీపు ఆపి దిగి నడిచింది. ముందు బోరు శబ్దం వినిపించింది, తర్వాత దుమ్ము కనిపించింది. బోరు దగ్గర లేచే దుమ్ము కాదది. పెద్దపుట్ట నోట్లోంచి, జంటపుట్టల్లోంచి, తూరుపు పుట్టలోంచి, గుడారాల మధ్య తెలియని కన్నాల్లోంచి దుమ్ము పైకి చిమ్ముతోంది. జనం చేతులు జోడించి నిలబడ్డారు.

"నాగప్ప బుస కొడతాండాడు! నీళ్ళిస్తాడు!" అంటున్నారెవరో.

తిప్పేస్వామి మాత్రం దండం పెట్టలేదు. పుట్ట నోట్లోంచి వచ్చే దుమ్మును చూస్తూ కొయ్యబారి నిలబడ్డాడు. తన చెదల దారులేమిటో అతనికి తెలుసు. తల తిప్పి సువర్చలను చూశాడు. పరుగున పోయి బండివాడి చెయ్యి పట్టుకుని కంప్రెసరు ఆపించాడు.

చప్పుడు ఆగాక కిందనుంచి ఇంకో చప్పుడు మొదలైంది. ఎండిన కట్టెలు విరుగుతున్నట్టు, అక్కడొకటి ఇక్కడొకటి.

"అందరూ రోడ్డు మీదికి నడవండి!" అని అరిచింది సువర్చల. "పరుగెత్తొద్దు. గుంపు కట్టొద్దు. సామాన్లు ముట్టుకోవద్దు."

ఆమె మాట వినకపోయినా తిప్పేస్వామి మాట విన్నారు. వాళ్ళ ఊరి పిల్లోడు, వాళ్ళతో గుడారంలో పండుకున్నోడు. "పిల్లోళ్ళను సంకనేసుకోండి. మెల్లిగ. సిన్నగా అడుగు పెట్టండప్పా," అంటూ ఒక్కొక్క కుటుంబాన్నీ దాటించాడు. పసుపు గుడ్డల్లో పెళ్ళికూతురు నడిచింది, వాళ్ళ నాయన వెనక వంట గిన్నెలకోసం ఏడుస్తూ నడిచాడు. చివరి మనిషి రోడ్డెక్కిందని సువర్చల గుండెల నిండా ఊపిరి పీల్చుకోబోయింది.

"అత్తేదీ?" అంది ఈరక్క. "అత్త లోపల్నే పండుకోనుంది! నేను పిల్లోళ్ళను ఎత్తుకొస్తిని, ఎవురో ఎత్తుకొస్తారనుకొంటిని!"

ఈరక్క అత్త సిద్ధమ్మ. తుంటి విరిగి మంచం పట్టిన ముసలామె. సువర్చల తిరిగి చూసేసరికి తిప్పేస్వామి అప్పటికే వెనక్కి పోతున్నాడు. "స్వామీ!" అని పిలిచింది. అతను చెయ్యి ఊపాడే గాని ఆగలేదు.

అతను ముసలామెను వీపున వేసుకుని గుడారంలోంచి బయటికి వస్తుండగా బోరుబండి వెనక చక్రాలు కుంగాయి. బండి మెల్లగా, తొందరేమీ లేనట్టు, వెల్లకిలా పడి నేలలోకి పోయింది. దాంతోపాటు జనం నడిచొచ్చిన దారంతా పోయింది. తిప్పేస్వామి అవతల, అందరూ ఇవతల. మధ్యన కందకం.

"సువర్చలా!" అరిచాడతను. "యా పక్కన రావాల్నో చెప్పు!"

పటం ఆమె చేతిలోని ట్యాబు తెరమీద ఉంది. అందులో నాగలబీడు ఇప్పటికీ తెల్లగానే ఉంది, ఎటైనా రావచ్చన్నట్టు. ఇంత బతుకూ ఆ పటాన్నే నమ్మింది, ఇప్పుడు మొగుడు ప్రాణం అడుగుతుంటే అది అబద్ధం చెబుతోంది. పటానికి తెలియనిది ఎవరికి తెలుసు? తవ్విన చేతులకు తెలుసు. ఆమె ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"అమ్మా, మీ ఇళ్ళలో పెళ్ళిళ్ళకు మన్ను ఏ పుట్టలో తీశారు? దాచొద్దు, అందరూ చెప్పండి!"

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకేసారి అందుకున్నారు.

"మా రత్నమ్మ పెండ్లికి పెద్దపుట్టలో తీసినాం!"

"మా సిన్నోడికి జంటపుట్టల్లో! బుట్టలు బుట్టలు తెచ్చినాం!"

"నాగులసవితికి అందురమూ తూరుపు పుట్టే మేడమ్మా!"

చెప్పిన ప్రతి పుట్ట చుట్టూ ఆమె వేలితో నలుపు పూసింది. తెల్లని బీడు ఆమె కళ్ళముందే మూల మూలా నల్లబడింది. చివరికి పడమటి వైపు ఒక సన్నని దారి మిగిలింది. ఆ దారిలో తంగేడు పొద కింద పొట్టిపుట్ట ఒకటి.

"ఆ తంగేడు కాడి పుట్ట? దాంట్లో ఎవరు తీశారు?"

పసుపు కుంకుమల ముఖాలు ఒకరినొకరు చూసుకున్నాయి.

"దాంట్లో ఎవురు తీస్తారు మేడమ్మా? అది మంచిది గాదు. ఏ పెండ్లికీ తియ్యరు."

"నిజంగానా?"

"దేవుని మీదొట్టు!"

"స్వామీ! తంగేడు పక్కన రా! అక్కడ గట్టిగా ఉంది!"

అతను కదిలాడు. వీపు మీద సిద్ధమ్మ ఏదో గొణుగుతోంది. ఒక్కో అడుగు పెట్టి, బరువు మోపి, నిలబడి, మళ్ళీ అడుగు పెట్టాడు. నేల పట్టింది. జంటపుట్టలు దాటాడు, నేల పట్టింది. ఇక అతను ఆ పొద దాటితే చాలు అనుకుంది సువర్చల. జన్మలో మళ్ళీ పటం ముట్టనని మొక్కుకుంది.

తంగేడు పొద దగ్గరికి వచ్చి అతను ఆగాడు. కింద పుట్టను చూశాడు.

"ఈ పుట్టను గురించి ఏం చెప్పినారు వాళ్ళు?"

"ఎవరూ తియ్యరట! ఆగొద్దు, రా!"

"మా అమ్మ తీసేది," అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. "మన పెండ్లికి ఈడ్నుంచే తెచ్చె."

సువర్చలకి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆమె అత్తగారు చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. అంతలో గుంపు వెనకనుంచి, అందరికంటే వెనకనుంచి, ఒక ముసలి గొంతు గొల్లుమంది. వన్నూరమ్మ అనే ఆమె. ఆమె పక్కన బోసి నుదుళ్ళతో ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు.

"అయ్యో తల్లీ! మేమంతా ఆడ్నే తీస్తాం! ముండమోసినోళ్ళం, పెద్దపుట్ట ముట్టగూడదు గదా! పొయ్యిలకీ, అలుక్కోనీకీ, మా బిడ్డల పెండ్లిండ్లకీ, అన్నిటికీ ఆ పుట్టే!"

"మరి అడిగినప్పుడు చెప్పలేదేమమ్మా!"

"పెండ్లి మాట అడిగితివి గదమ్మా. పెండ్లి మాటలో మేము నోరు తెరుస్తామా?"

సువర్చల అడిగింది పెళ్ళిళ్ళ గురించే. చూసింది పసుపు కుంకుమలున్న ముఖాలనే. వెనక ఇంకొందరు ఉన్నారని ఆమెకు తట్టలేదు. తన మీద తనకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

అవతల తిప్పేస్వామి మెల్లగా మోకాళ్ళ మీదికి వంగాడు. సిద్ధమ్మను బోర్లా పండబెట్టాడు. "తాడెయ్యండప్పా," అన్నాడు. మగవాళ్ళు గుడారపు తాడు విసిరారు. ముసలామె నడుముకు కట్టి, ఒక అరచేత్తో ముందుకు నెట్టాడు. ముసలామె మన్ను మీద జారుతూ, మూలుగుతూ రోడ్డుకు చేరింది. మగవాళ్ళు తాడు విప్పి అతని కోసం రెండోసారి విసరబోతుండగా తంగేడు పొద కదిలింది. అతను ఇటు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే ఆమె తట్టుకోలేకపోయింది. పొద, పుట్ట, మనిషి కలిసి కిందికి పోయారు.

దుమ్ము మెల్లగా తగ్గింది. తర్వాత గుంతలోంచి గొంతు వచ్చింది.

"సువర్చలా!"

జనం ఒక్కసారి హోరెత్తారు. బతికే ఉన్నాడు!

"స్వామీ! ఎట్లా ఉన్నావు?"

"నడుముదాక మన్నుంది. పైనుంచి రాల్తానే ఉంది. చెయ్యి ఆడతాంది."

సరిగ్గా అప్పుడే భానుమూర్తి మాట నిలబెట్టుకున్నాడు. రోడ్డు చివర జేసీబీ వచ్చింది, దాని వెనక ఇంకొకటి. జనం దారిచ్చారు, చప్పట్లు కూడా కొట్టారు. సువర్చల పరుగెత్తింది. బండి రోడ్డు దిగబోయే చోట దానికి అడ్డంగా పడుకుంది.

"ఏందమ్మా ఇది? లెయ్యి! లోపల మనిషుండాడంట!"

"నా మొగుడే," అంది. "అందుకే. ఇది దిగితే గట్టంతా ఆయన మీద పడుతుంది."

"సువర్చలా," అని గుంతలోంచి మళ్ళీ వచ్చింది. ఈసారి దగ్గుతో వచ్చింది.

ఈరక్క వచ్చి ఆమె భుజాలు పట్టుకుని గుంజింది. "లెయ్ వొదినా! అన్న పిలుస్తాండాడు! నీకు వినపడలేదా? గట్టి నేలంటివి, తీసకపోయి ఆడ పెడితివి. తంగేడు కాడ రమ్మంటివి, వచ్చె. ఇంగా నీ పటం మాట నమ్మాల్నా మేము?"

"నమ్మొద్దు," అంది సువర్చల. "పటం నాక్కూడా వద్దు. కాని ఈ బండి దిగదు. దిగాలంటే నా మీదనుంచి దిగాలి."

ఏం చెయ్యాలో మాత్రం ఆమెకు తెలియలేదు. మనిషి బరువు కూడా ఒకచోట పడకూడదు, పరుచుకోవాలి. పరచడానికి ఆ బీడులో ఏముంది? అప్పుడు వన్నూరమ్మ రోడ్డు పక్కకు నడిచింది. కుంగిన ఇళ్ళనుంచి జనం ఊడబీక్కుని తెచ్చుకున్న తలుపులు అక్కడ పేర్చి ఉన్నాయి. ఇల్లు వదిలే మనిషి ఏది వదిలినా తలుపు వదలడు గదా. వన్నూరమ్మ తన తలుపును ఈడ్చుకొచ్చి గట్టు మీద పడేసింది. ఆమె వెనక బోసి నుదుళ్ళ ఆడవాళ్ళు ఒక్కొక్కరు తమ తలుపులు తెచ్చారు. తర్వాత మిగతావాళ్ళు కూడా తెచ్చారు.

సువర్చల బోర్లా పడుకుని మొదటి తలుపు మీదికి పాకింది. వెనకనుంచి అందించిన తలుపును ముందుకు తోసి, దాని మీదికి పాకి, ఇంకొకటి అడిగింది. నేల కింద కట్టెలు విరుగుతున్న చప్పుడు చెవికి ఆనుకుని వినిపించింది. తలుపు అదిరినప్పుడల్లా ఆగింది.

"స్వామీ, వస్తున్నా. మాట్లాడుతూ ఉండు."

"ఉండా," అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "ఉండా." తర్వాత, "మన్ను మెడదాక వచ్చె సువర్చలా. బిరీన రా."

ఆమె ఇంకో తలుపు తోసింది. చేతులు చీరుకుపోయాయి. పేరు పెట్టి పిలిచింది. జవాబు రాలేదు. ఇంకా గట్టిగా పిలిచింది. మన్ను జలజలా రాలడం వినిపించింది, ఇంకేమీ వినిపించలేదు. జేసీబీ డ్రైవరు బండి దిగి తలగుడ్డ తీశాడు. బండిని దిగనిచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. అందరూ అదే అనుకుంటున్నారని ఆమెకు వీపుతోనే తెలిసింది. బండి దిగి ఉంటే గట్టు కూలేదన్న మాటకు ఆమె దగ్గర ఎప్పటికీ రుజువు ఉండదు.

ఆమె వెనక తలుపు మీద పాకుతూ వచ్చింది ఈరక్క. తలుపులు అందిస్తున్నది ఆమే. ఆమె ముఖమంతా మన్నూ కన్నీళ్ళూ కలిసిపోయి ఉన్నాయి.

"వొదినా," అంది. "ఇంగా ఎయ్యాల్నా?"

"ఎయ్యి," అంది సువర్చల.

వెనకనుంచి చేతులు మారుతూ ఇంకో తలుపు వచ్చింది.